గినీ పిగ్‌కు అండాశయ సిస్టుల ఆపరేషన్: ముందు వారం నుంచి కోత మానేదాకా ఏం చేయాలి

"మా ఆడ గినీ పిగ్‌కు రెండు డొక్కలూ బోడిగా అయ్యాయి. స్కానింగ్ తీసి ఓవరీల్లో సిస్టులున్నాయన్నారు. ఆపరేషన్ చేయించొచ్చా? చేయించాక ఇంట్లో ఏం చేయాలి?" మాటలు మారతాయి గానీ వచ్చే ప్రశ్న ఇదే.

చేయించొచ్చు. రెండేళ్లు దాటిన ఆడ గినీ పిగ్‌లలో ఈ సిస్టులు, అంటే ద్రవం నిండిన తిత్తులు, చాలా మామూలు. అండాశయాలు తీసేస్తే సమస్య మళ్లీ రాదు. అయితే కోత, కుట్లు డాక్టరు పని. ఆ తర్వాత మూడు రోజులు కడుపులోకి ఏం పోతోంది, కింద ఏం పడుతోంది అన్నది మీ పని. గినీ పిగ్ పేగు ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి. పూటంతా తినకపోతే మందగిస్తుంది, గ్యాస్ పట్టేస్తుంది, ఆ నొప్పికి ఇంకా తినదు. కుట్ల గురించి పడే భయంలో సగం తిండి గురించి పడినా చాలు.

ముందు ఇది తేల్చుకోండి: సిస్టేనా?

సిస్టు వల్ల ఊడే జుట్టు రెండు పక్కలా ఒకేలా, డొక్కల మీద ఊడుతుంది. దురద ఉండదు, చర్మం నున్నగా ఉంటుంది. చనుమొనలు గట్టిపడి చెక్కు కడతాయి. కొన్ని గురగురమంటూ పక్కదాని మీదకు ఎక్కుతాయి, చిరాకుపడతాయి. పొట్ట బేరిపండులా రెండు పక్కలకూ ఉబ్బుతుంది.

గోక్కుంటూ, పొట్టు రాలుతూ, ముట్టుకుంటే కీచుమని అరుస్తుంటే అది గజ్జి పురుగు కావచ్చు, వైద్యం వేరు. తిప్పలు ఎక్కువగా ఇక్కడే వస్తాయి. జుట్టు ఊడింది అనగానే గజ్జి సూది మీద సూది వేయించి, మూడు నెలలు పోయాక స్కానింగ్‌కు వెళ్తారు. దురద లేకుండా జుట్టు ఊడితే ముందే అల్ట్రాసౌండ్ అడగండి. మగదానితో కలిసి ఉన్నదైతే గర్భం కాదని కూడా అందులోనే తేలుతుంది.

సిస్టు ఎంతుందో చూద్దామని పొట్ట నొక్కకండి. పెద్ద తిత్తి లోపలే పగలొచ్చు.

ఆపరేషన్ కాకుండా రెండు దారులున్నాయి. ఒకటి హార్మోన్ సూదులు, అంటే హెచ్‌సీజీ గానీ జీఎన్‌ఆర్‌హెచ్ గానీ. ఇవి హార్మోన్లు విడుదల చేసే ఫాలిక్యులర్ సిస్టుల మీదే పనిచేస్తాయి. గినీ పిగ్‌లలో ఎక్కువగా కనిపించే నీటి తిత్తుల మీద, అంటే సీరస్ సిస్టుల మీద పనిచేయవు. రెండోది సూదితో నీరు లాగడం. పొట్ట వెంటనే తగ్గుతుంది గానీ కొన్ని వారాల్లోనో నెలల్లోనో మళ్లీ నిండుతుంది. బాగా ముసలిదై, గుండె బలహీనంగా ఉండి మత్తు తట్టుకోలేనిదానికి అది ఉపశమనం. మూడేళ్లది, బాగా తింటున్నది అయితే నీరు లాగుతూ కూర్చోవడం కంటే ఒక్కసారి తీయించడమే మేలు. వాయిదా వేసేకొద్దీ సిస్టు పెరుగుతుంది, ఒంటి కండ తరుగుతుంది.

డాక్టరును అడగాల్సినవి

కుక్కలకు ఎంత బాగా ఆపరేషన్ చేసే డాక్టరైనా గినీ పిగ్‌కు చేసి ఉండకపోవచ్చు. హైదరాబాద్‌లో కుందేళ్లు, పక్షులు చూసే ప్రైవేటు క్లినిక్‌లున్నాయి. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల, నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉన్నాయి. ఎక్కడికైనా ముందు ఫోన్ చేసి, కుందేళ్లు, గినీ పిగ్‌లు చూసే డాక్టరు ఏ రోజు ఉంటారో కనుక్కుని వెళ్లండి. వెళ్లాక ఇవి అడగండి:

- గినీ పిగ్‌లకు ఆపరేషన్లు చేశారా? సూటిగా అడిగినా తప్పులేదు. చేసినవాళ్లు నొచ్చుకోరు.
- మత్తు దేనితో ఇస్తారు? మాస్కుతో ఐసోఫ్లూరేన్ గ్యాస్ అంటే మంచిది. ఆపరేషన్ అవుతున్నంతసేపు ఒళ్లు చల్లబడకుండా ఏం చేస్తారో కూడా అడగండి.
- కోత ఎక్కడ? అండాశయాలు మాత్రమే అయితే రెండు డొక్కల దగ్గర చిన్న కోతలతో తీయొచ్చు, తొందరగా కోలుకుంటుంది. స్కానింగ్‌లో గర్భసంచి కూడా మందంగా, గడ్డలుగా కనిపిస్తే పొట్ట మధ్యలో కోసి అంతా తీయాలి. ఒక పక్కే సిస్టు ఉన్నా రెండు అండాశయాలూ తీయమనండి.
- నొప్పికి ఏం ఇస్తారు, ఎన్ని రోజులు?
- యాంటీబయాటిక్ ఇస్తే ఏది?
- ముందు రోజు ఎప్పటిదాకా తినిపించాలి?

చివరి ప్రశ్నకు "రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దు" అని జవాబొస్తే ఆగి ఆలోచించండి. అది కుక్కలకు, పిల్లులకు చెప్పే మాట. గినీ పిగ్ వాంతి చేసుకోలేదు కాబట్టి రాత్రంతా పస్తు అక్కర్లేదు, పైగా ప్రమాదం. నోట్లో నమిలిన గడ్డి మిగలకుండా మత్తుకు ముందు గంటో రెండు గంటలో తిండి తీసేస్తే చాలు.

ముందే తెచ్చిపెట్టుకోవాల్సినవి

- 1 గ్రాము తేడా చూపే వంటింటి డిజిటల్ కాటా, దాని మీద పెట్టడానికి లోతైన గిన్నె లేదా బుట్ట
- 1 మి.లీ. సిరంజీలు ఐదారు, 10 మి.లీ.వి రెండు మూడు. సూదులు తీసి పారేయండి.
- శాకాహార జంతువులకిచ్చే రికవరీ పొడి. క్రిటికల్ కేర్ లాంటిది దొరికితే సరే. ఆన్‌లైన్‌లో తెప్పించేటట్టయితే పది రోజుల ముందే ఆర్డర్ పెట్టండి. దొరక్కపోతే గింజలు, రంగు ముక్కలు లేని మామూలు గడ్డి పెల్లెట్లు అరకిలో.
- విటమిన్ సి
- పాత తెల్ల కాటన్ గుడ్డలు లేదా ఫ్లీస్ గుడ్డలు ఎనిమిది. తెల్లవైతే రక్తం చుక్క, మూత్రం రంగు వెంటనే కనిపిస్తాయి. రంపపు పొట్టు మాత్రం రెండు వారాలు బంద్, కోతకు అంటుకుంటుంది.
- వేడినీళ్ల సంచి లేదా రెండు సీసాలు
- దోమతెర ముక్క
- టీ వడకట్టు, ఒక నోటుబుక్కు, పెన్ను

అడుగు 1. ముందు వారం

రోజూ ఉదయం ఒకే వేళకు, తిండి పెట్టకముందు తూచి రాయండి. ఇక్కడ ఒక మోసం ఉంది. సిస్టులో నీరు కూడా కాటా మీద తూగుతుంది. నెల రోజులుగా 900 గ్రాముల దగ్గరే ఉంది కదా అని ధీమాగా ఉంటాం. లోపల నీరు పెరిగి, పైన కండ తగ్గి, లెక్క సరిపోయి ఉండొచ్చు. వెన్నుపూస మీద వేలితో రాసి చూడండి. ఎముకలు గరుగ్గా తగులుతుంటే బరువు ఎంతున్నా చిక్కినట్టే. ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

సిరంజీ అలవాటు చేసేది ఈ వారంలోనే. రోజుకు రెండుసార్లు, 1 మి.లీ. నీళ్లో కీరదోస రసమో సిరంజీతో ఇవ్వండి. ఆపరేషన్ రాత్రి మొదటిసారి సిరంజీ చూసిన జంతువు నోరు బిగించేస్తుంది.

తిమోతి గడ్డి ఖరీదని ఇన్నాళ్లూ కూరాకులతో నెట్టుకొచ్చిన ఇళ్లు ఉంటాయి. ఇప్పుడైనా గడ్డి మొదలుపెట్టండి. తాజా గరిక బాగా పనికొస్తుంది. రోడ్డు పక్కది, కుక్కలు తిరిగే పార్కులది వద్దు. మందు కొట్టని చోటుదే కోసుకుని, కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టండి. తడిగా కుప్ప పోస్తే వేడెక్కి పులుస్తుంది. వినాయక చవితి రోజుల్లో బజారులో గరిక గుట్టలుగా దొరుకుతుంది గానీ, నిమజ్జనం రోజుకు దగ్గర్లో మాత్రం ఆపరేషన్ పెట్టుకోకండి. అర్ధరాత్రి అవసరం పడితే దారులన్నీ మూసి ఉంటాయి.

విటమిన్ సి గినీ పిగ్ ఒంట్లో తయారవదు, మనలాగే. అది తగ్గితే కోత మానదు. మామూలు రోజుల్లో కిలో బరువుకు 10 నుంచి 30 మి.గ్రా. చాలు. ఆపరేషన్ ముందూ వెనకా 50 దాకా ఇస్తారు. 800 గ్రాములదానికి రోజుకు 25–40 మి.గ్రా. అనుకోండి. చక్కెర కలపని 500 మి.గ్రా. మాత్ర నూరి 10 మి.లీ. నీళ్లలో కలిపితే 1 మి.లీ.లో 50 మి.గ్రా. ఉంటుంది. అందులోంచి అర మి.లీ. నోట్లోకి ఇవ్వండి, మిగిలింది పారబోయండి, రేపటికి మళ్లీ కలపండి. తాగే నీళ్ల సీసాలో కలపడం దండగ. గంటల్లోనే శక్తి పోతుంది, రుచి మారి నీళ్లు తాగడమూ తగ్గిస్తుంది. చప్పరించే నారింజ మాత్రల్లో చక్కెర ఉంటుంది, అవి వద్దు. వీటితోపాటు రోజూ క్యాప్సికమ్ ముక్క ఒకటి, గుప్పెడు కొత్తిమీర.

అడుగు 2. ఆపరేషన్ రోజు ఉదయం

రాత్రంతా గడ్డి, నీళ్లు ముందే ఉంచండి. ఉదయం కూడా. డాక్టరు చెప్పిన వేళకు తీసేయండి, అది రెండు గంటలకు మించొద్దు. బయలుదేరే ముందు తూచండి. రోజూ తినే పెల్లెట్లు, గడ్డి, కొత్తిమీర ఒక డబ్బాలో సర్ది తీసుకెళ్లి అక్కడి సిబ్బందికి ఇవ్వండి. మెలకువ రాగానే ముందు పెట్టాల్సింది అదే.

అడుగు 3. ప్రయాణం

ఉదయం మొదటి స్లాటు అడగండి. మధ్యాహ్నంలోగా తెలివొస్తే చీకటిపడేలోపు తిండి మొదలైందో లేదో తెలుస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. గినీ పిగ్‌కు 27, 28 దాటితేనే కష్టం. వెళ్లేటప్పుడు క్యారియర్‌లో ఒక మూల, టవల్ చుట్టిన చల్లటి సీసా పెట్టండి. తిరిగి వచ్చేటప్పుడు ఆ సీసా తీసేయండి. మత్తు దిగిన ఒళ్లు తన వేడి తాను నిలుపుకోలేదు. ఎండాకాలమైనా సరే, వెనక్కి వచ్చే దారిలో దానికి కావాల్సింది గోరువెచ్చదనమే. కారు ఏసీ గాలి నేరుగా తగలకూడదు. ఆటో అయితే క్యారియర్ ఒళ్లో పెట్టుకుని గాలి వచ్చే వైపు చున్నీ అడ్డం పెట్టండి. బైకు ముందు భాగంలో పెట్టుకుని మాత్రం రావొద్దు.

అడుగు 4. ఇంటికి తెచ్చే ముందు

డిశ్చార్జి కాగితం తీసుకుని వచ్చేయకండి. ఇవన్నీ తెలుసుకోండి: ఏమేం తీశారు, లోపల ఇంకేమైనా కనిపించిందా, చివరి నొప్పి మందు ఎన్ని గంటలకు ఇచ్చారు, తర్వాతిది ఎప్పుడు, ఏమైనా తిన్నదా, పెంటికలు పడ్డాయా, పై కుట్లు తీయాలా, లోపలే కరిగిపోతాయా. తర్వాత అక్కడే తూచమనండి. సిస్టు పోయింది కాబట్టి ఈ బరువే కొత్త లెక్కకు మొదలు. పొద్దుటి బరువుతో పోలిస్తే అనవసరంగా కంగారు పడతారు.

ఆసుపత్రిలో ఉంచాలా, ఇంటికి తేవాలా? రాత్రంతా మేలుకుని చూసే మనిషి ఉంటేనే అక్కడ ఉంచండి. షట్టర్ దించి వెళ్లిపోయే క్లినిక్‌లో, పక్క బోనులో కుక్క మొరుగుతుంటే, గినీ పిగ్ ఒక మూల నక్కి గడ్డి ముట్టదు. దానికన్నా మీ ఇల్లే నయం. రాత్రి తెరిచి ఉండే ఆసుపత్రి ఏదో, దాని నంబరేదో అక్కడే అడిగి రాసుకోండి.

అడుగు 5. మొదటి రాత్రి పడక

మెట్లు, అంతస్తులు లేని చిన్న చోటు చాలు, రెండు మూడడుగుల పొడవు. కింద పేపరు, పైన తెల్లగుడ్డ. ఒక పక్క మాత్రమే వేడినీళ్ల సీసా, టవల్ చుట్టి, మీ మణికట్టు లోపలి వైపు ఆనిస్తే హాయిగా ఉండేంత వేడితో. ఇంకో పక్క ఖాళీ వదలండి, వేడెక్కితే తనే జరుగుతుంది. హీటింగ్ ప్యాడ్ కిందంతా పరిచి పడుకోబెడితే, మత్తు పూర్తిగా దిగని జంతువు కదల్లేక కాలిపోతుంది. గదిలో ఏసీ ఉంటే 25, 26 దగ్గర ఉంచండి.

నీళ్ల సీసాతోపాటు లోతులేని గిన్నెలో కూడా నీళ్లు పెట్టండి. మెడ ఎత్తి సీసా అందుకోవడం ఆ రాత్రి కష్టం. చుట్టూ దోమతెర కట్టండి, దోమలకే కాదు, ఈగలకు. వానాకాలంలో కోత మీద, తడిసిన వెనక భాగం మీద ఈగ వాలి గుడ్లు పెట్టిందంటే ఒక్క రోజులో పురుగు పడుతుంది. సిరంజీతో పెట్టే ఉగ్గు చుక్కలకు చీమలు కూడా బారులు కడతాయి. తినిపించిన ప్రతిసారీ గుడ్డ మార్చేయండి.

అడుగు 6. సిరంజీతో తినిపించడం

తెలివొచ్చాక నాలుగైదు గంటల్లో తనంతట తాను గడ్డి కొరకడం మొదలుపెడితే మీ అదృష్టం. ముక్కు దగ్గర పెడితే వాసన చూసి వదిలేయడం తినడం కాదు. దవడ ఆడాలి, మింగాలి. మొదలుపెట్టకపోతే మీరే పెట్టాలి. రేపు చూద్దాం అనకండి.

*ఉగ్గు తయారీ.* రికవరీ పొడి ఉంటే దాని ప్యాకెట్ మీద ఉన్న కొలతే పాటించండి. పెల్లెట్లతో చేసేటట్టయితే వాటిని ముందు పొడిగానే మిక్సీలో మెత్తగా పట్టి, టీ వడకట్టుతో జల్లించండి. నానబెట్టాక రుబ్బితే పీచు సిరంజీకి అడ్డం పడుతుంది. ఒక చెంచా పొడికి మూడు చెంచాల గోరువెచ్చటి నీళ్లు పోసి పది నిమిషాలు వదలండి. పలుచటి ఇడ్లీ పిండిలా జారాలి. బిగిస్తే కొంచెం నీళ్లు కలపండి. ప్రతిపూటా తాజాగా చేయండి. కుందేలు పెల్లెట్లు వాడితే వాటిలో విటమిన్ సి ఉండదు, అది విడిగా ఇవ్వాలి.

*సిరంజీ.* 1 మి.లీ. సిరంజీ సన్నటి మూతి బ్లేడుతో కోసేసి, అంచు గోళ్ల ఆకురాయితో నున్నగా రాయండి. మీ పెదవికి ఆనించి చూసుకోండి, గీరుకోకూడదు. 10 మి.లీ. సిరంజీలో ఉగ్గు నింపుకుని చిన్నదాంట్లోకి ఎక్కించుకుంటూ ఉంటే పని తొందరగా అవుతుంది.

*పెట్టే తీరు.* చంటిపిల్లను పొత్తిళ్లలో చుట్టినట్టు టవల్‌లో చుట్టి, నాలుగు కాళ్ల మీదే ఒళ్లో కూర్చోబెట్టుకోండి. కోత మీద టవల్ బిగించకండి. వెల్లకిలా వేయడం, తల వెనక్కి వంచడం అస్సలు వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు పళ్ల వెనక, దవడ పళ్లకు ముందు ఖాళీ చోటు ఉంటుంది. పక్క నుంచి సిరంజీ అక్కడికి జొనిపి పావు, అర మి.లీ. మాత్రం నెట్టండి. నమిలేదాకా ఆగండి. దవడ కదులుతుంటే నములుతున్నట్టే. మింగాక మళ్లీ. దగ్గినా, ముక్కులో బుడగ కనిపించినా ఆపి తల కిందకు వంచండి.

*ఎంత.* 800 గ్రాములదానికి రోజు మొత్తం మీద 40 నుంచి 60 మి.లీ. ఉగ్గు కావాలి. మొదట 3–5 మి.లీ.తో మొదలుపెట్టి, నాలుగు గంటలకోసారి 8–10 మి.లీ.కి తీసుకురండి. రాత్రి పన్నెండుకు ఒకసారి, నాలుగింటికి ఒకసారి లేవాల్సిందే. అలారం ఇద్దరు మనుషుల ఫోన్లలో పెట్టుకోండి. తనంతట తాను తింటున్నకొద్దీ తగ్గించుకుంటూ రండి. బరువు రెండు రోజులు వరుసగా నిలబడితే మానేయొచ్చు.

ఒక్క చోట మాత్రం ఉగ్గు ఆపాలి. పొట్ట డోలులా బిగిసి, తడితే ఖాళీ కుండలా మోగితే ఇంకా నెట్టకండి. అది గ్యాస్, ఎక్స్‌రే తీయాల్సిన అవసరం. గ్రైప్ వాటర్ పోస్తూ తెల్లారేదాకా చూడటం కాదు చేయాల్సింది.

పెరుగన్నం, పాలు, బిస్కెట్, బ్రెడ్డు, సగ్గుబియ్యం జావ: నీరసంగా ఉందని మన చేయి ముందు వీటి మీదకే పోతుంది. ఇవి గినీ పిగ్ పేగులో పులిసి మంచి సూక్ష్మజీవుల్ని చెడగొడతాయి. క్యాబేజీ, కాలీఫ్లవర్ కూడా ఈ వారం దూరం.

అడుగు 7. మందులు

నొప్పి ఉంటే తినదు. తినకపోతే పేగు ఆగుతుంది. అందుకే "బాగానే ఉందిగా" అని నొప్పి మందు రెండో రోజే ఆపేయకండి. రాసినన్ని రోజులూ ఇవ్వండి.

సాధారణంగా రాసేది మెలాక్సికామ్ సిరప్. మోతాదు డాక్టరుదే. కానీ కాగితం మీద మి.లీ.లు చూసి పోయడంలో ఒక గుంట ఉంది. సీసాలు రెండు రకాల్లో వస్తాయి, 1 మి.లీ.లో 1.5 మి.గ్రా. ఉన్నది, 0.5 మి.గ్రా. ఉన్నది. ఉదాహరణకు 800 గ్రాముల గినీ పిగ్‌కు 0.4 మి.గ్రా. రాశారనుకోండి. మొదటి సీసాలోంచి 0.27 మి.లీ., రెండోదాంట్లోంచి 0.8 మి.లీ. తీయాలి. రెండో సీసా లెక్క పట్టుకుని మొదటి సీసాలోంచి 0.8 తీస్తే మూడు రెట్లు పోతుంది. మి.గ్రా. ఎంతో డాక్టరుతో రాయించుకుని, మెడికల్ షాపులో ఇచ్చిన సీసా లేబుల్‌తో సరిచూసుకోండి.

ఇంట్లో ఉంది కదా అని ఇన్సులిన్ సిరంజీ వాడొద్దు. ఎర్ర మూతది 40 యూనిట్లకు ఒక మి.లీ., నారింజ మూతది 100 యూనిట్లకు ఒక మి.లీ. 27 గీత అనుకుని ఎర్రదాంట్లో నింపితే రెండున్నర రెట్లు. వందో వంతు గీతలున్న మామూలు 1 మి.లీ. సిరంజీ కొనుక్కోండి.

యాంటీబయాటిక్ విషయంలో మొహమాటం అక్కర్లేదు. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, పెనిసిలిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్: వీటిలో ఏది చీటీలో కనిపించినా "డాక్టరు గారూ, ఇది గినీ పిగ్‌కు ఇవ్వొచ్చా?" అని అడగండి. పేగులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విషం తయారుచేసేవి పెరిగి, కొద్ది రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. ఎన్రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్-సల్ఫా లాంటివి మామూలుగా వాడతారు. మనుషుల పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ సిరప్‌లు సొంతంగా వేయకండి.

అడుగు 8. కోత

రోజుకు రెండుసార్లు, టార్చి వెలుగులో చూడండి. ముట్టుకోనక్కర్లేదు. రోజూ ఒకే కోణంలో ఫోటో తీస్తే తేడా తెలుస్తుంది. కుట్ల వెంట గట్టిగా, సన్నటి గట్టులా ఉండటం మామూలే, లోపలి దారం కరిగేదాకా ఉంటుంది. మొదటి రోజు గులాబీ రంగు చెమ్మ కొంచెం కనిపించినా ఫర్వాలేదు.

ఎర్రబడటం రోజురోజుకీ పెరగడం, వేడిగా ఉండటం, అంచులు విడిపోవడం, తెల్లటి ముద్దలాంటి చీము, దుర్వాసన ఫర్వాలేదనుకునేవి కావు. మెత్తగా ఉబ్బి, మెల్లగా వేలితో తాకితే లోపలికి పోయే వాపు అయితే లోపలి కుట్టు తెగి పేగు జారుతున్నట్టు అనుమానించాలి. అదే రోజు చూపించండి.

పసుపు, కొబ్బరినూనె, స్పిరిట్, పశువుల పుండ్లకు కొట్టే ఘాటు స్ప్రే వద్దు. ఏది రాసినా నాకుతుంది. డాక్టరు చెప్తే సెలైన్‌లో తడిపిన గాజ్ బట్టతో అద్దడం వరకే. మెడకు కోన్ కూడా మామూలుగా అక్కర్లేదు. వెనక నుంచి వచ్చే మెత్తటి పెంటికల్ని గినీ పిగ్ తన నోటితో నేరుగా తీసుకుని తినాలి, కోన్ ఉంటే అది కుదరదు, బెదిరి తిండి కూడా మానేస్తుంది. కుట్లు కొరుకుతుంటే మాత్రం డాక్టరుకు చెప్పండి.

స్నానం రెండు వారాలు లేదు.

అడుగు 9. జతగాడు, జతకత్తె

ఆడ తోడు ఉంటే మొదటి రాత్రి జాలీ అడ్డం పెట్టి పక్కనే ఉంచండి. వాసన తెలుస్తుంటే తొందరగా తింటుంది. మర్నాటికి చురుగ్గా ఉంటే కలపొచ్చు, మొదటి అరగంట చూస్తూ ఉండండి. మీదకు ఎక్కే రకం అయితే నాలుగైదు రోజులు ఆగండి. మగది ఉంటే, కుట్లు మానేదాకా వేరుగానే.

అడుగు 10. రెండో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా

నోటుబుక్కులో ఒక్కో వరుస ఇలా ఉండాలి:

"రెండో రోజు, ఉ. 7. బరువు 792. ఉగ్గు 9 మి.లీ. పెంటికలు 14, చిన్నవి, ఎండినవి. మూత్రం 1 తడి. నొప్పి మందు 7:15. కొత్తిమీర 3 కాడలు తనే తిన్నది."

ఇది తీసుకెళ్తే డాక్టరుకు పది ప్రశ్నలు అడిగే పని తప్పుతుంది. రెండో రోజు పెంటికలు చిన్నగా, తక్కువగా ఉండటం సహజం. మూడు, నాలుగు రోజులకు సైజు పెరగాలి. పెంటిక విరిచి చూడండి: లోపల గడ్డిపోగులు కనిపిస్తే గడ్డి తింటున్నట్టు. ముదురు రంగులో జిగురుగా ఉంటే ఉగ్గు మీదే నడుస్తున్నట్టు. తెల్లటి మూత్రపు మరక కాల్షియం వల్ల, భయం లేదు.

పై కుట్లుంటే పది నుంచి పద్నాలుగు రోజులకు తీస్తారు. అప్పటిదాకా పెద్ద బోను, ఎత్తు నుంచి దూకడాలు, పిల్లలు ఎత్తుకోవడాలు వద్దు. ఎత్తాల్సి వస్తే ఒక చేయి ఛాతీ కింద, ఇంకోటి పిర్రల కింద పెట్టి ఎత్తండి. పొట్ట వేలాడకూడదు.

తెల్లారేదాకా ఆగకూడనివి

- పన్నెండు గంటలుగా ఒక్క పెంటిక కూడా లేకపోవడం
- సిరంజీతో పెట్టినా మింగకపోవడం
- డోలులాంటి పొట్ట
- డిశ్చార్జి బరువులో పదో వంతు తగ్గడం, అంటే 800 గ్రాములది 720కి రావడం. 50 గ్రాములు తగ్గితే ఫోన్ చేయండి.
- నోరు తెరిచి ఊపిరి తీయడం, చెవులు, పాదాలు చల్లబడటం
- కోత నుంచి గానీ, వెనక నుంచి గానీ ఆగకుండా రక్తం
- ఒళ్లు ముడుచుకుని, జుట్టు నిక్కి, కళ్లు సగం మూసి, పళ్లు కటకటలాడించడం. ఇది నిద్ర కాదు, నొప్పి.

ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు నోటుబుక్కు, మందుల సీసాలు పట్టుకెళ్లండి. ఊరు ఆ చివర ఉన్న మీ డాక్టరు దగ్గరికి సాయంత్రం ట్రాఫిక్‌లో గంటన్నర పడుతుందంటే, ముందు దగ్గరి క్లినిక్‌లో వెచ్చదనం, సెలైన్, నొప్పి మందు ఇప్పించండి. మీ డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడించండి.

ఫలితం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

గొరిగిన చోట కొన్ని వారాల్లో జుట్టు మొలుస్తుంది. హార్మోన్ల వల్ల బోడి అయిన డొక్కల మీద ముందు నూగు వస్తుంది, నిండటానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. చనుమొనల మీది చెక్కు దానంతటదే రాలుతుంది, గీకకండి. గురగురలు, ఎక్కడాలు కొన్ని వారాల్లో తగ్గుతాయి. పూర్తిగా పోకపోతే కంగారు వద్దు, అధికారం చూపించడానికి కూడా అలాగే చేస్తాయి. మూడు నెలలైనా డొక్కలు బోడిగానే ఉంటే చర్మం గీకి పరీక్ష చేయించండి, థైరాయిడ్ గురించి కూడా అడగండి.

రోజూ తూచడం నెలయ్యాక వారానికోసారికి తగ్గించుకోవచ్చు. కాటాను మాత్రం వంటింట్లోకి తిరిగి ఇవ్వకండి.